ఇంటి గాలి, ఇంటి వేడి: ఒక రేకుపెట్టె చరిత్ర



కెనడాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల కొత్త ఇళ్లకు చలికాలంలో వెళ్లినవారికి ఒక విషయం వింతగా తోస్తుంది. బయట సున్నాకు ఇరవై డిగ్రీలు దిగువన చలి. కిటికీలు బిగించి ఉంటాయి, నెలల తరబడి తెరవరు. అయినా రాత్రి పెట్టిన పోపు వాసన తెల్లవారేదాకా ఇల్లంతా పట్టుకుని ఉండదు. అద్దాల మీద నీళ్లు కారవు. కారణం తెలియాలంటే మెట్లు దిగి నేలమాళిగలోకి వెళ్లాలి. అక్కడ పైకప్పుకు వేలాడుతూ ట్రంకుపెట్టె అంత రేకుడబ్బా ఒకటి కనిపిస్తుంది. దానికి నాలుగు లావుపాటి గొట్టాలు. రెండు బయటి గోడలోకి పోతాయి, రెండు గదులవైపు పోతాయి. లోపల ఫ్యాన్లు సన్నని రొదతో తిరుగుతూ ఉంటాయి. ఇంట్లో వాడేసిన గాలిని బయటికి పంపుతూ, అందులోని వేడిని మాత్రం లోపలికి వచ్చే తాజా చల్లగాలికి అప్పగించడం దీని పని. దీన్ని హీట్ రికవరీ వెంటిలేటర్ అంటారు. పొట్టిగా హెచ్.ఆర్.వి.

యంత్రం చిన్నదే. కాని చరిత్ర చదివేవారు దీని విషయంలో అడగవలసిన ప్రశ్న ఒకటుంది. బయటికి పోయే వేడితో లోపలికి వచ్చే గాలిని వేడిచేసే ఉపాయం పంతొమ్మిదో శతాబ్దం మొదటి భాగానికే మనిషికి తెలుసు. ఇళ్లలోకి మాత్రం అది 1970ల దాకా చెప్పుకోదగ్గంతగా రాలేదు. ఇంత ఆలస్యం ఎందుకైంది?

కార్ఖానాలో ముందు, ఇంట్లో వెనక

స్కాట్లండులో రాబర్ట్ స్టిర్లింగ్ అనే చర్చి మతబోధకుడు ఉండేవాడు. 1816లో ఆయన తీసుకున్న పేటెంటులో, వేడి వాయువు పోతూ పోతూ తన వేడిని ఒకచోట వదిలిపెట్టడం, చల్లని వాయువు వస్తూ ఆ వేడిని ఎత్తుకోవడం అనే ఏర్పాటు ఉంది. పేరున్న స్టిర్లింగ్ ఇంజన్‌కు ప్రాణం అదే. 1856లో ఫ్రెడరిక్ సీమెన్స్ ఇదే ఆలోచనను కొలిమికి పట్టించాడు. కొలిమి పొగ గొట్టంలోకి పోయేముందు ఇటుకల గదిలోంచి పోతుంది, ఇటుకలు కాలుతాయి. కాసేపటికి దారి మళ్లిస్తే, కొలిమిలోకి వెళ్లవలసిన గాలి ఆ కాలిన ఇటుకల మధ్యగా వెళ్లి వేడెక్కుతుంది. గాజు, ఉక్కు పరిశ్రమలకు ఇది పెద్ద మేలు చేసింది. స్వీడన్‌కు చెందిన ఫ్రెడ్రిక్ ల్యుంగ్‌స్ట్రోమ్ 1920 ప్రాంతంలో ఇటుకల గదికి బదులు నెమ్మదిగా తిరిగే పెద్ద రేకుల చక్రాన్ని పెట్టాడు. రామగుండం వంటి మన పెద్ద థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో బాయిలర్ల వెనక తిరిగే గాలి ప్రీహీటర్లు ఆ చక్రం సంతతివే.

కార్ఖానా యజమాని బొగ్గు ఖర్చు లెక్క చూసుకుంటాడు, గృహస్థు అంతగా చూసుకోడు అని మీరు అనవచ్చు. అది సగం జవాబు. మిగతా సగం కట్టడంలో ఉంది. కొలిమికి పొగ పోయే నోరు ఒకటే, కాబట్టి అక్కడ కాపు కాస్తే వేడి దొరుకుతుంది. ఇంటికి నోళ్లు వంద. తలుపు సందులు, కిటికీ చట్రాల అంచులు, పైకప్పు కలిసేచోట పగుళ్లు, వంటింటి పొగగొట్టం, అన్నిటిలోంచీ గాలి పోతూ వస్తూ ఉంటుంది. ఏ నోటి దగ్గర కాపు కాస్తారు?

మ్యూనిక్ ఆచార్యుడి కాగితాలు

ఆ వంద నోళ్లను మొదట కొలిచి చూసినవారిలో మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్ ముఖ్యుడు. మ్యూనిక్ నగరంలో ఆరోగ్యశాస్త్ర ఆచార్యుడు. అంతకుముందు గాలి చెడింది అంటే వాసన చూసి చెప్పవలసిందే. 1858లో ఆయన దానికి ఒక కొలబద్ద ఇచ్చాడు. మనిషి వదిలే ఊపిరిలో కార్బన్ డై ఆక్సైడ్ ఉంటుంది కాబట్టి, గదిలో అది ఎంత పెరిగిందో చూస్తే గాలి ఎంత పాతబడిందో తెలుస్తుంది. వెయ్యి వంతుల్లో ఒక వంతు దాటితే ఆ గది మనుషులు ఉండడానికి తగినది కాదని ఆయన తేల్చాడు. ఈనాటి భాషలో అది పది లక్షలకు వెయ్యి వంతులు. నేటికీ భవనాల ఇంజనీర్ల నోట ఆ వెయ్యి అంకె వినిపిస్తూనే ఉంటుంది.

పెటెన్‌కోఫర్ తన సొంత గదిలోనే ఇంకో ప్రయోగం చేశాడు. కనిపించిన సందులన్నిటికీ కాగితాలు అంటించి గాలి మార్పిడిని మళ్లీ కొలిచాడు. తగ్గింది గాని, తాను ఊహించినంత తగ్గలేదు. అయితే మిగిలిన గాలి ఇటుక గోడల్లోంచే వస్తున్నదని ఆయన నిర్ణయానికి వచ్చాడు. గోడలు ఊపిరి పీలుస్తాయన్న నమ్మకం అక్కడినుంచి బలపడింది. అది పొరపాటు. పూత పూసిన గోడలోంచి పోయే గాలి లెక్కలోకి రానంత స్వల్పం; ఆయన కంటికి అందని సందులు ఇంకా మిగిలిపోయాయంతే. గొప్ప శాస్త్రవేత్త చేసిన తప్పు కూడా చాలాకాలం బతుకుతుంది. గోడలే గాలి ఇస్తాయని నమ్మితే సందుల గురించి ఆలోచించేవారెవరు?

ఇక్కడ మన దేశానికి సంబంధించిన ఒక మాట. ఆ కాలపు ఇంగ్లీషు రచయితలు గాలి ఆడని గది ప్రమాదం చెప్పవలసి వచ్చినప్పుడల్లా కలకత్తా చీకటి కొట్టు ఉదంతాన్ని ఎత్తేవారు. 1756లో ఫోర్ట్ విలియమ్‌లో చిన్న గదిలో బంధించినవారిలో 123 మంది ఒక్క రాత్రిలో చనిపోయారని హాల్‌వెల్ రాశాడు. ఆ సంఖ్యను తరువాతి చరిత్రకారులు గట్టిగా ప్రశ్నించారు. రాజకీయ ప్రచారానికి పనికొచ్చిన కథే ఆరోగ్యశాస్త్ర పాఠానికీ పనికొచ్చింది. మీరు పాత పుస్తకాల్లో ఈ ప్రస్తావన చూస్తే ఆ రెండు ఉపయోగాలనూ గుర్తుపెట్టుకుని చదవండి.

1973 తరువాత

కథ అసలు మలుపు తిరిగింది 1973 అక్టోబరులో. అరబ్ దేశాలు చమురు సరఫరాకు ఆంక్షలు పెట్టాయి. పీపా మూడు డాలర్ల ప్రాంతంలో ఉన్న ధర 1974 ఆరంభానికి దాదాపు పన్నెండుకు చేరింది. మనకు ఆ దెబ్బ కిరోసిన్ క్యూల్లో, ఎరువుల ధరల్లో తగిలింది. చలిదేశాల్లో అది నేరుగా ఇంటి గోడలకు తగిలింది. ఇల్లు వెచ్చగా ఉంచడానికి అయ్యే ఖర్చు చూసి, గాలి పోయే ప్రతి సందునూ మూయడం మొదలుపెట్టారు.

తొందరలో జరిగిన పని కాబట్టి కష్టాలు కూడా తొందరగానే వచ్చాయి. కెనడా ప్రభుత్వం 1977లో ఇళ్లకు ఉష్ణనిరోధక పదార్థాలు వేయించుకోవడానికి ఆర్థిక సాయం ప్రకటించింది. పాత ఇళ్ల బోలు గోడల్లోకి యూరియా ఫార్మాల్డిహైడ్ నురుగును గొట్టాలతో ఎక్కించారు. కొందరికి కళ్లు మండాయి, గొంతు పట్టేసింది. 1980 డిసెంబరులో ఆ నురుగును నిషేధించారు. అది చేసిన హాని ఎంత అన్న వాదం కోర్టుల దాకా వెళ్లింది. నురుగు లేని ఇళ్లలోనూ వేరే చిక్కు వచ్చింది. నలుగురున్న కుటుంబం ఊపిరితో, వంటతో, స్నానాలతో, ఉతుకుడుతో రోజుకు పది లీటర్ల దాకా నీటి ఆవిరిని ఇంట్లోకి వదులుతుంది. ఇంతకాలం అది సందుల్లోంచి పోయేది. ఇప్పుడు పోయే దారి లేక చల్లని మూలల్లో నీరుగా దిగి, గోడలకు నల్లగా బూజు పట్టించింది.

రెజైనా నగరంలో ఒక ఇల్లు

కెనడా మధ్యభాగంలో సస్కాచవాన్ అనే రాష్ట్రం ఉంది. గోధుమ పొలాలు, చదునైన నేల, సున్నాకు ముప్ఫై డిగ్రీలు దిగువకు పోయే చలి. ఆ రాష్ట్ర ప్రభుత్వం అక్కడి వాతావరణానికి తగిన సౌరగృహం ఒకటి కట్టి చూపమని పరిశోధకులను కోరింది. బృందంలో హెరాల్డ్ ఆర్, రాబర్ట్ బెసంట్, రాబ్ డ్యుమాంట్, డేవిడ్ ఐర్ ప్రభృతులు ఉన్నారు. వారు లెక్కలు వేసుకుని చూశారు. శీతాకాలంలో పగలు చిన్నది, ఎండ పల్చన. సూర్యుడి నుంచి వేడి సంపాదించడం కన్నా ఉన్న వేడి పోకుండా చూడడం చవక. అడిగింది సౌరగృహం కాబట్టి సౌరఫలకాలు పెట్టారు గాని, మనసంతా గోడల మీదే పెట్టారు.

1977లో రెజైనాలో పూర్తయిన ఆ ఇంటి పేరు సస్కాచవాన్ కన్జర్వేషన్ హౌస్. గోడలు అడుగు మందం, నిండా ఉష్ణనిరోధక పదార్థం. పైకప్పులో అంతకన్నా ఎక్కువ. ఇంటి చుట్టూ లోపలివైపు ఎక్కడా తెగకుండా పాలిథీన్ షీటు చుట్టి అతుకులన్నీ మూశారు. ఇల్లు ఎంత బిగుతుగా ఉందో చూడడానికి తలుపుచోట పెద్ద ఫ్యాను బిగించి, లోపలా బయటా 50 పాస్కల్ పీడన తేడా పెట్టి కొలుస్తారు. అంత తోపుడులో కూడా ఆ ఇంటి గాలి గంటకు 0.8 సార్లు మాత్రమే మారింది. ఆనాటి మామూలు ఇళ్లలో దీనికి ఎన్నో రెట్లు మారేది. ఆ చలిలో ఆ ఇంటికి ఫర్నేసు లేదు.

ఇంత బిగించాక మనుషులు ఊపిరి పీల్చేదెలా? వంద నోళ్లూ మూశారు కాబట్టి ఇప్పుడు ఒక్క నోరు తెరిచి అక్కడ కాపు కాయవచ్చు. మనం మొదట వేసుకున్న ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరుకుతుంది. ఇల్లు కారుతున్నంతకాలం వేడిని తిరిగి పట్టే యంత్రానికి అందులో పని లేదు. ఆ యంత్రం పుట్టడానికి ముందు బిగుతైన ఇల్లు పుట్టాలి.

సస్కాచవాన్ విశ్వవిద్యాలయంలో బెసంట్, ఆయన సహచరులు తయారుచేసిన తొలి పరికరాల్లో ఖరీదైనదేమీ లేదు. ప్లైవుడ్ పెట్టె, అందులో కొద్దికొద్ది ఎడంతో వరసగా నిలబెట్టిన పాలిథీన్ షీట్లు. ఒక సందులోంచి ఇంటి గాలి బయటికి, పక్క సందులోంచి బయటి గాలి లోపలికి. మధ్యలో షీటు ఉంది కాబట్టి గాలులు కలవవు, వేడి మాత్రం దాటుతుంది. ఇంటివారు తామే చేసుకోవడానికి వీలుగా వారు నమూనా పటాలను కూడా ప్రచురించారు. ఆ చుట్టుపక్కల వడ్రంగం తెలిసిన రైతులు శీతాకాలపు ఖాళీలో చేసుకోదగ్గ పని అది. ఆ తరువాతే కంపెనీలు రేకు పెట్టెలతో రంగంలోకి దిగాయి.

వేణ్నీళ్లకు చన్నీళ్లు తోడు కాకుండా

పరికరంలోని తెలివి ఎక్కడుందో కొంచెం ఆగి చూద్దాం. వేణ్నీళ్లకు చన్నీళ్లు తోడు అని మన సామెత. 20 డిగ్రీల నీళ్లు ఒక చెంబు, సున్నా డిగ్రీల నీళ్లు ఒక చెంబు కలిపితే 10 డిగ్రీలకు చేరతాయి. వేడిలో సగమే చేతికి వస్తుంది. రెండు గాలులనూ పక్కపక్కన ఒకే దిక్కుగా నడిపించినా సగాన్ని మించి రాదు. ఎదురెదురుగా నడిపిస్తే లెక్క మారిపోతుంది. బయటికి పోయే గాలి చల్లబడుతూ చివరికి వచ్చేసరికి, అక్కడ ఎదురయ్యేది అప్పుడే లోపలికి అడుగుపెట్టిన అతి చల్లని గాలి. కాబట్టి మిగిలిన కాస్త వేడి కూడా దానికి ఇవ్వగలదు. దారి పొడవునా ఒకటి ఇంకొకదాని కన్నా కొంచెం వేడిగానే ఉంటుంది. ఈ పద్ధతిలో నూటికి 80, మంచి పరికరాల్లో 90 పాళ్ల దాకా వేడి తిరిగి వస్తుంది.

ఇంటి లెక్క చూడండి. ఒక ఘనమీటరు గాలిని ఒక డిగ్రీ వేడి చేయడానికి సుమారు 0.33 వాట్-అవర్ కావాలి. గంటకు 150 ఘనమీటర్ల తాజా గాలి, లోపల 20 డిగ్రీలు, బయట సున్నాకు 20 దిగువ. తేడా 40. మూడూ హెచ్చవేస్తే దాదాపు 2000 వాట్లు. రాత్రింబవళ్లు రెండు ఎలక్ట్రిక్ ఇస్త్రీపెట్టెలు వెలుగుతున్నట్టు. నూటికి 75 పాళ్లు తిరిగి పట్టినా 1500 వాట్లు మిగిలాయి, ఫ్యాన్లకు అయ్యేది వంద వాట్ల ప్రాంతంలో.

తొలి పరికరాలను బాధపెట్టింది మంచు. ఇంట్లోంచి పోయే గాలిలో ఆవిరి ఉంటుంది కదా. అది చల్లబడగానే నీరవుతుంది, ఇంకా చల్లబడితే షీట్ల మధ్యే గడ్డకట్టి దారి మూసేస్తుంది. నీటికి పెట్టె అడుగున కాలువ గొట్టం పెట్టారు. మంచుకు, కొంతసేపటికోసారి బయటి గాలిని ఆపి ఇంటి వెచ్చని గాలినే షీట్ల మీదుగా తిప్పి కరిగించే ఏర్పాటు చేశారు. రెజైనా ఇంటి సౌరఫలకాల సంగతి ఏమైందంటారా? ఖర్చు ఎక్కువ, మరమ్మతులు ఎక్కువ అయి, తరువాత వాటిని తీసేశారు. గోడలు నిలిచాయి. ప్రభుత్వం పెట్టమన్నది పోయి, పరిశోధకులు నమ్మినది మిగిలిందన్నమాట.

బిగించే చేతులు

1982లో కెనడా ప్రభుత్వం, గృహ నిర్మాతల సంఘం కలిసి ఆర్-2000 అనే కార్యక్రమం ప్రారంభించాయి. 50 పాస్కల్ పరీక్షలో గాలి మార్పిడి గంటకు 1.5 సార్లకు మించరాదనీ, యంత్రంతో వాయుప్రసరణ తప్పనిసరి అనీ అందులో నియమాలు. నా దృష్టిలో ఆ కార్యక్రమం చేసిన గొప్ప పని వేరే ఉంది. మేస్త్రీలను, వడ్రంగులను కూర్చోబెట్టి పాఠం చెప్పింది. పెట్టె కొనడం సులువు, ఇంట్లో సరిగా అమర్చడం సులువు కాదు.

ఎందుకంటే, తాజా గాలి పడకగదుల్లోకి, కూర్చునే గదిలోకి రావాలి. పాత గాలిని స్నానాలగదుల నుంచి, వంటింటి నుంచి లాగాలి. పొయ్యి మీది పొగగొట్టాన్ని మాత్రం దీనికి కలపకూడదు, నూనె జిడ్డు పట్టి పెట్టె పాడవుతుంది. బయటి గోడకు ఉన్న రెండు నోళ్లూ దగ్గరగా ఉంటే వదిలిన గాలే మళ్లీ లోపలికి వస్తుంది కాబట్టి వాటి మధ్య రెండు మీటర్ల దాకా ఎడం ఉంచుతారు. కారు పొగ తగిలేచోట గాలి తీసుకోకూడదు. చల్లగాలి గొట్టానికి ఉష్ణనిరోధక తొడుగు వేయకపోతే దానిమీద నీళ్లు కారి పైకప్పు తడుస్తుంది. వచ్చే గాలి, పోయే గాలి సమానంగా ఉన్నాయని కొలిచి సరిచేయాలి. ఇదంతా అయ్యాక ఇంటివారు కొన్ని నెలలకోసారి ఫిల్టరు శుభ్రం చేయాలి. చాలామంది మరిచిపోయేది ఇదే.

ఈ ఆలోచన 1991లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో ఇంకో మెట్టు ఎక్కింది. వోల్ఫ్‌గాంగ్ ఫైస్ట్, స్వీడన్ ఆచార్యుడు బో ఆడమ్సన్ చర్చించుకున్న ఆలోచనల మీద అక్కడ నాలుగు కుటుంబాలకు వరస ఇళ్లు కట్టారు. వేడికి అయ్యే ఖర్చు మామూలు ఇళ్లలో పదోవంతుకు పడిపోయింది. పాసివ్ హౌస్ అనే పేరు ప్రపంచానికి తెలిసింది ఆ ఇళ్లతోనే. రెజైనా వంటి తొలి ఇళ్లకు తాను రుణపడి ఉన్నానని ఫైస్ట్ దాచుకోలేదు.

ఇదంతా విజయగాథ అనుకుంటే పొరపాటు. నెదర్లాండ్స్‌లో ఆమర్స్‌ఫోర్ట్ పట్టణం అంచున వాట్‌హోర్స్ట్ అనే కొత్త కాలనీలో ఇంటింటికీ ఈ పెట్టెలు అమర్చారు. 2007, 2008 ప్రాంతాల్లో అక్కడివారు తలనొప్పి, దగ్గు, నిద్ర పట్టకపోవడం అంటూ ఫిర్యాదులు చేశారు. స్థానిక ఆరోగ్యశాఖవారు వెళ్లి చూస్తే, కొన్ని ఇళ్లలో రావలసినంత గాలి రావడం లేదు. కొన్నిచోట్ల ఫిల్టర్లు మురికిపట్టి ఉన్నాయి. ఫ్యాన్ల చప్పుడు భరించలేక జనం వేగం తగ్గించి పడుకుంటున్నారు. తగ్గిస్తే గాలి ఇంకా తగ్గుతుంది, ఇల్లేమో బిగుతైనది. పాత కారుడు ఇంట్లో మేస్త్రీ తప్పు చేస్తే బొగ్గు ఖర్చు పెరిగేది. ఇక్కడ అదే తప్పు నిద్రపోయే పిల్లల ఊపిరి మీద పడింది. ఆ తరువాత ఆ దేశంలో ఈ పద్ధతికి చెడ్డపేరు చాలాకాలం వదల్లేదు.

మన వైపు

మన ప్రాంతాల పాత ఇళ్లకు ఈ పెట్టె అవసరం రాలేదు. ఎదురెదురు కిటికీలు, గోడ పైభాగాన గవాక్షాలు, మండువా, పెంకుల సందులు, వీటితో గాలి తనంతట తాను ఆడేది. లడఖ్‌లో పరిస్థితి కెనడాకు దగ్గర. అక్కడ శీతాకాలంలో గది మూసుకుని బుఖారీ పొయ్యి చుట్టూ చేరతారు. ఒక జాగ్రత్త చెప్పాలి. నిప్పు మండే గదిలో పొగగొట్టం చేసే పనిని హెచ్.ఆర్.వి. చేయలేదు. కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం వేరు, దానికి పొగగొట్టమే దిక్కు.

మన నగరాలకు ఈ చరిత్ర ఏసీ గదుల రూపంలో చేరువైంది. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తెస్తుందని చాలామంది అనుకుంటారు. తేదు. లోపలి డబ్బాకు, బయటి డబ్బాకు మధ్య ఉన్న సన్నని గొట్టాల్లో తిరిగేది శీతలీకరణ పదార్థం. గదిలో ఉన్న గాలే చల్లబడి మళ్లీ మళ్లీ తిరుగుతుంది. పెద్ద హోటళ్లలో, ఆసుపత్రుల్లో అయితే బయటి వేడి, తేమగాలిని లోపలికి తెచ్చే ముందు, బయటికి పోయే చల్లని పొడిగాలి పక్కనుంచి నడిపించి చల్లబరిచే యంత్రాలు ఉంటాయి. తేమను కూడా దాటించే పొరలు వీటిలో వాడతారు. 2017లో వచ్చిన మన ఇంధన పొదుపు భవన నియమావళి, బయటి గాలి ఎక్కువగా అవసరమయ్యే అలాంటి పెద్ద వ్యవస్థలకు ఈ ఏర్పాటు ఉండాలని చెప్పింది. ఇళ్ల విషయంలో అలాంటి ఏర్పాటు అరుదు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు మూసిన గదుల గాలి గురించి దేశమంతా మాట్లాడుకున్నాం, కిటికీలు తెరిచాం. ఢిల్లీ వంటి నగరాల్లో చలికాలపు పొగమంచు రోజుల్లో తెరవడమూ కష్టమే.

ఒక లెక్క మీరే చేసి చూడండి. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల పడకగది. 36 ఘనమీటర్లు, అంటే 36,000 లీటర్ల గాలి. నిద్రపోయే ఇద్దరు కలిసి గంటకు సుమారు 25 లీటర్ల కార్బన్ డై ఆక్సైడ్ వదులుతారు. అది పది లక్షలకు దాదాపు 700 వంతులు. బయటి గాలిలో ఇప్పుడు 420 వంతులకు పైగా ఉంది. ఎక్కడా సందు లేకపోతే, పెటెన్‌కోఫర్ గీసిన వెయ్యి గీతను ఆ గది మొదటి గంటలోనే దాటుతుంది. మన గదుల్లో అంతకన్నా నెమ్మదిగా దాటుతున్నదంటే, తలుపు కింద వడ్రంగి వదిలిన వేలెడు సందు పనిచేస్తున్నదని అర్థం. ఏసీ చల్లదనం పోతుందని పాతగుడ్డ కుక్కి మనం మూసేది ఆ సందునే.